‘నైస్’ అనే ఒక్క మాటతో ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువును పరీక్షించి చూశాను

నిఘంటువు మంచిచెడ్డలు తేల్చాలనుకునేవారు సాధారణంగా నోరు తిరగని మాట ఒకటి ఎంచుకుని, అది అందులో దొరికితే మెచ్చుకుంటారు, దొరకకపోతే పెదవి విరుస్తారు. నా దృష్టిలో అది సరైన పరీక్ష కాదు. అందరికీ తెలుసనుకునే మాటను, అర్థం కోసం ఎవరూ పుట తిప్పని మాటను తీసి చూడాలి. అలాంటి మాట దగ్గర కొత్త సంగతి చెప్పగలిగిందా, చెప్పినదానికి సాక్ష్యం చూపించిందా అన్నదాన్ని బట్టి నిఘంటువు సత్తా తెలుస్తుంది. ఈ ఉద్దేశంతోనే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆన్‌లైన్ ప్రతిని ‘నైస్’ అనే చిన్న విశేషణం పట్టుకుని చదివాను. ఈ సమీక్ష చాలావరకు ఆ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

ఆ మాట నాకు తెలియదని తెలిసివచ్చిన సందర్భం ముందుగా చెప్పాలి. షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ నాటకంలోని అయిదో అంకం రెండో రంగాన్ని నా అభ్యాసం కోసం తెలుగులోకి మార్చుకుంటున్నాను. జూలియట్ చనిపోలేదని, మందు ప్రభావంతో నిద్రపోతున్నదని రోమియోకు తెలియజేసే ఉత్తరం అతనికి అందనేలేదు. దాన్ని తీసుకువెళ్లిన ఫ్రయర్ (క్రైస్తవ సన్యాసి) జాన్‌ను ప్లేగు సోకిన ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో తలుపులు మూసి బంధించారు. ఈ మాట విని, ఆ ఉత్తరం రాసిన ఫ్రయర్ లారెన్స్ గుండె గుభేలుమంటుంది. ఆ ఉత్తరం ‘నైస్’ కాదని, ఎంతో బరువైన విషయంతో నిండినదని అంటాడు. నా ఫోన్‌లో ఉన్న ఒక ఉచిత నిఘంటువు యాప్ ఈ మాటకు ‘మంచి, చక్కని, ఆహ్లాదకరమైన’ అని మూడు అర్థాలిచ్చి ఊరుకుంది. నేను ‘ఆ ఉత్తరం మంచిది కాదు’ అని రాసుకున్నాను. రాసిన తరువాత మనసు ఒప్పుకోలేదు. ఇద్దరి ప్రాణాలు కాపాడవలసిన ఉత్తరాన్ని, అది రాసిన మనిషే మంచిది కాదని ఎందుకంటాడు? వాక్యంలో వ్యాకరణం కుదిరింది, అర్థం మాత్రం తలకిందులైంది. ఆ యాప్ తప్పు చెప్పలేదు. ఈనాటి అర్థం ఒక్కటే చెప్పి, అదే ఎప్పటికీ ఉన్న అర్థమన్న భ్రమ కలిగించింది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అదే మాట తెరిస్తే మొట్టమొదట కనిపించే అర్థం ‘తెలివితక్కువ, మూర్ఖమైన’ అన్నది. ఈ నిఘంటువు పద్ధతి అలాంటిది. చాలా నిఘంటువులు ఎక్కువ వాడుకలో ఉన్న అర్థాన్ని ముందు పెడతాయి; ఇది పుట్టిన వరసలో పెడుతుంది. కాలగర్భంలో కలిసిపోయిన అర్థాల ముందు కత్తి ఆకారంలో ఉండే చిన్న గుర్తు ఉంటుంది. ‘నైస్’ కింద ఆ గుర్తు ఎన్నిసార్లు కనిపిస్తుందో చూస్తే, మనం రోజూ అనుకోకుండా అనేసే ఈ మాట ఎన్ని జన్మలెత్తి వచ్చిందో అర్థమవుతుంది.

వ్యుత్పత్తి భాగం చిన్నదైనా చాలా స్పష్టంగా ఉంది. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే తెలియనివాడు. అందులో ‘నె’ అంటే కాదు, లేదు. ‘స్కీరే’ అంటే తెలుసుకోవడం. ఆ ‘నె’కూ సంస్కృతంలోని ‘న’కూ మూలం ఒక్కటే కాబట్టి, ‘అజ్ఞుడు’ అన్న మాట నిర్మాణాన్ని ఎరిగిన మనకు ఇది వెంటనే పట్టుబడుతుంది. ‘స్కీరే’ నుంచే ‘సైన్స్’ వచ్చింది, ‘కాన్షెన్స్’ వచ్చింది. అంటే సైన్స్, నైస్ అనేవి ఒకే ధాతువుకు పుట్టిన మాటలు. ఒకటి తెలిసిన వైపు, మరొకటి తెలియని వైపు నిలబడ్డాయి. లాటిన్ మాట పాత ఫ్రెంచిలో అమాయకుడు, వెర్రివాడు అనే అర్థంతో స్థిరపడి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దాని ఉచ్చారణ ‘నీస్’కు దగ్గరగా ఉండేది, తరువాతి శతాబ్దాల్లో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారినప్పుడు అది ‘నైస్’ అయింది.

ఇక అసలు ఆసక్తికరమైన భాగం అర్థాల వరుస. మూర్ఖుడు అనే అర్థం నుంచి ఆహ్లాదకరం అనే అర్థానికి ఒక్క దూకులో ఎవరూ చేరలేరు. నిఘంటువు ఆ మెట్లన్నీ ఒకదాని తరువాత ఒకటి చూపిస్తుంది. తెలివిలేనితనం నుంచి విచ్చలవిడితనం, ఆడంబరం అనే అర్థాలు ఒక వైపు పుట్టాయి. మరో వైపు బిడియం, బెరుకు అనే అర్థం వచ్చింది. బెరుకుగా ఉండేవాడు ఏదీ ఒక పట్టాన ముట్టుకోడు, కాబట్టి ఏదీ నచ్చని పట్టింపు మనిషి అనే అర్థం దానికి తోడైంది. పట్టింపు మనిషికి చిన్న తేడా కూడా కంటికి కనిపిస్తుంది, కాబట్టి 16వ శతాబ్దానికి ‘సూక్ష్మమైన తేడా పట్టగల, కచ్చితమైన’ అనే అర్థం స్థిరపడింది. ఆ గుణం మనిషి నుంచి వస్తువుకు మారి, అతి సున్నితమైన విషయం, జాగ్రత్తగా తూచవలసిన ప్రశ్న అనే అర్థాలు కలిగాయి. అతి సూక్ష్మమైనది కొందరి కంటికి అల్పమైనదిగా కూడా కనిపిస్తుంది కదా. అందుకే ‘అల్పమైన, పట్టించుకోనక్కరలేని’ అనే అర్థం కూడా అదే కాలంలో నడిచింది. షేక్‌స్పియర్ ఫ్రయర్ లారెన్స్ నోట పలికించింది ఈ అర్థమే. ‘ఆ ఉత్తరం చిన్నాచితకా విషయం కాదు, అందులో ఎంతో పెద్ద పని ఉంది’ అన్నది ఆ మాటల భావం. నా చేతిలో బోర్లాపడిన వాక్యం లేచి నిలబడింది.

ఈ వరుసను చదువుతున్నప్పుడు ఒక వ్యాఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 16, 17 శతాబ్దాల ఉదాహరణల్లో చాలాచోట్ల రచయిత ఈ మాటను ఏ అర్థంలో వాడాడో చెప్పడం కష్టమని ఈ నిఘంటువే ఒప్పుకుంది. లక్షల ఉదాహరణలు పోగేసిన సంస్థ, తనకు తేలని చోట తేలలేదని చెప్పడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. అనువాదకులకు ఇలాంటి మాట దొరకడం పెద్ద ఊరట. ఎందుకంటే ఒక వాక్యంలో రెండు అర్థాలూ పొసుగుతున్నప్పుడు లోపం మన చదువులో లేదని, ఆ సందిగ్ధత ఆనాటి భాషలోనే ఉందని ధైర్యం వస్తుంది. చిన్న నిఘంటువులు తమకు స్థలం లేక ఇలాంటి సందేహాలను దాటవేస్తాయి. స్థలం లేకపోవడం అర్థం చేసుకోదగినదే కానీ, దాటవేసిన చోట సందేహమే లేదనుకోవడం పాఠకుడికి నష్టం.

ఈనాటి అర్థం, అంటే ‘బాగున్న, ఆహ్లాదకరమైన’ అన్నది, 18వ శతాబ్దపు రెండో సగంలో గట్టిపడింది. ‘దయగల, మంచిగా మసలుకునే’ అనే అర్థం దాని తరువాత 19వ శతాబ్దంలో బలపడింది. కొత్త అర్థం వచ్చినా పాతది వెంటనే పోలేదు. ఇందుకు నాకు అత్యంత ఇష్టమైన సాక్ష్యం 1815 జూన్‌లోని వాటర్లూ యుద్ధానికి సంబంధించినది. యుద్ధం ముగిసిన మరునాడు బ్రసెల్స్‌లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ తనను కలిసిన బ్రిటిష్ రాజకీయవేత్త థామస్ క్రీవీతో, అది మహా ‘నైస్’ వ్యవహారమని, అంత అంచుకు వచ్చి తప్పిన సంగతి మీరు జీవితంలో చూసి ఉండరని అన్నాడు. వేల మంది చనిపోయిన యుద్ధాన్ని ఒక సేనాని ‘నైస్’ అన్నాడని విని ఈనాటి పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఆయన ఉద్దేశం యుద్ధం బాగుందని కాదు. త్రాసు ముల్లు వెంట్రుకవాసిలో అటో ఇటో మొగ్గేలా ఉండిందని. సూక్ష్మమైన తేడా అనే పాత అర్థం సేనాని నోట సజీవంగా పలికిన సందర్భమది.

సరిగ్గా ఆ కాలంలోనే కొత్త అర్థం అతివాడుకకు లోనై అరిగిపోవడం కూడా మొదలైంది. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ ఆబే’లో హెన్రీ టిల్నీ అనే పాత్ర, ఈ మాట దేనికైనా పనికొచ్చేస్తున్నదని, రోజుకూ షికారుకూ అమ్మాయిలకూ అన్నింటికీ ఇదే విశేషణం తగిలిస్తున్నారని కథానాయిక కేథరిన్‌ను ఆటపట్టిస్తాడు. మొదట్లో బహుశా ఇది శుభ్రత, ఔచిత్యం, సున్నితత్వం వంటి గుణాలకే చెల్లేదని కూడా అంటాడు. నిఘంటువును పక్కన పెట్టుకుని ఆ సంభాషణ చదివితే, పాత అర్థమే స్వచ్ఛమైనదని వాదించే టిల్నీకి కూడా అన్నిటికన్నా పాత అర్థం తెలియదని బయటపడుతుంది. ఆయన మొదటిదనుకున్నది నడిమి మెట్టు మాత్రమే. మాట అసలు అర్థం ఇదీ అని పట్టుబట్టేవారు తరచు చేసే పొరపాటు ఇదే. ఆ తరువాత 1926లో వాడుక గురించి పుస్తకం రాసిన ఫౌలర్, ఈ మాట తన ప్రత్యేకతంతా పోగొట్టుకుని ఏదో అస్పష్టమైన ఆహ్లాదాన్ని చల్లే సాధనంగా మిగిలిందని బాధపడుతూ, ఆ నేరాన్ని స్త్రీల మీద మోపాడు. ఆ నింద అన్యాయమైనది. మాట అరిగిపోవడం గురించి ఆయన చెప్పింది మాత్రం నిజం.

అయితే పూర్తిగా అరిగిపోయిందనడానికి వీల్లేదు. న్యాయశాస్త్ర చర్చల్లో ‘నైస్ పాయింట్’ అంటే ముచ్చటైన అంశమని కాదు, జుట్టు చీల్చినంత సూక్ష్మమైన ప్రశ్న అని. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే అతి సన్నని భేదం. ‘నైసిటీ’ అనే నామవాచకంలో ఈ కచ్చితత్వమే నిలిచి ఉంది. ఒక మనిషి తన పద్ధతుల విషయంలో అంత ‘నైస్’ కాడని రాస్తే, అతనికి మంచీచెడూ పట్టింపు లేదని అర్థం. వెటకారంగా వాడితే ‘మంచి చిక్కులోనే పడ్డావు’ అన్నట్టు విపరీతార్థం కూడా ఇస్తుంది. ఈ వాడుకలు తెలియకుండా ఇంగ్లీషు వ్యాసాలు తెలుగులోకి మార్చేవారు ఎక్కడో ఒకచోట నా మాదిరిగానే దెబ్బతింటారు.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి గుర్తుకు వస్తుంది. తెలుగులో ‘నైసు’ అంటే మంచి అని మాత్రమే కాదు. పొడి నైసుగా ఉండాలంటే గరుకు లేకుండా మెత్తగా ఉండాలని. చెక్కను చిత్రిక పట్టి నైసు చేశారంటే చేయి జారేంత నునుపు చేశారని. నైసుగా మాట్లాడి పని సాధించుకున్నాడంటే అందులో మెత్తదనంతో పాటు కాస్త జిత్తులమారితనం కూడా వినిపిస్తుంది. ఇంగ్లీషులో వెనక్కి తగ్గిన ఆ సున్నితత్వానికి దగ్గరి ఛాయ మన వాడుకలో ముందు వరుసలో ఉండడం నాకు ఆశ్చర్యమూ ఆనందమూ కలిగించింది. అర్థం ఇలా హీనస్థితి నుంచి ఉన్నతస్థితికి ఎదగడాన్ని మన భాషాశాస్త్రవేత్తలు అర్థోత్కర్ష అంటారు. ఒకప్పుడు దౌర్జన్యమనే అర్థమున్న ‘సాహసం’ ఇప్పుడు మెచ్చుకోలు మాట అయింది. ‘నైస్’ నడిచిన దారి అదే. ఒకప్పుడు సువాసనకు కూడా చెల్లిన ‘కంపు’ దుర్వాసనకే పరిమితమై ఎదురు దిక్కున నడిచింది. తెలుగు మాటలకు కూడా ఇలా తేదీలతో, ప్రయోగాలతో, మెట్టు మెట్టుగా చరిత్ర చూపించే ఆన్‌లైన్ నిఘంటువు ఉండాలన్న కోరిక ఈ పుటలు చదువుతున్నంతసేపూ నన్ను వదల్లేదు.

ఇంత వివరం ఇవ్వగలగడం వెనుక ఉన్న శ్రమ గురించి కొంత చెప్పకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ సభ్యులు అప్పటి నిఘంటువుల లోపాలు చూసి ఈ ఆలోచన మొదలుపెట్టారు. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వం స్వీకరించారు. పుస్తకాలు చదివి, మాట వాడిన వాక్యాన్ని చీటీ మీద రాసి పంపమని పాఠకులకు విజ్ఞప్తి చేస్తే, లక్షల కొద్దీ చీటీలు వచ్చాయి. వాటిని అరల్లో సర్దుకుని పనిచేయడానికి మర్రే కట్టించుకున్న ఇనుప రేకుల గదికి ‘స్క్రిప్టోరియం’ అని పేరు. మొదటి భాగం 1884లో వెలువడింది. చివరి భాగం 1928లో. మర్రే 1915లోనే చనిపోయారు కాబట్టి పూర్తయిన గ్రంథాన్ని చూడలేకపోయారు. 1989 నాటి రెండో కూర్పు 20 సంపుటాలు. 2000లో ఆన్‌లైన్ ప్రతి వచ్చింది, దానితో పాటు మూడో కూర్పు సవరణలు కూడా మొదలయ్యాయి. ఆ సవరణ ‘ఎ’ అక్షరం నుంచి కాక ‘ఎమ్’ నుంచి మొదలుపెట్టడం వల్ల, దాని వెంటనే వచ్చే ‘ఎన్’ మాటలకు తొలి విడతల్లోనే కొత్త పరిశోధన ఫలం దక్కింది. నేను పరీక్షించిన మాట అదృష్టవశాత్తు వాటిలో ఒకటి.

ఆన్‌లైన్ ప్రతి సౌకర్యాల్లో నేను ఎక్కువగా వాడుకున్నవి రెండు. ఒక్కొక్క అర్థం కింద ఉన్న ప్రయోగాలన్నింటినీ తెరిచి, కాలక్రమంలో చదువుకుంటూ పోవచ్చు. అర్థాల జాబితా మాత్రమే కావాలంటే వాటిని మూసివేయవచ్చు. రెండవది చారిత్రక పర్యాయపద కోశం. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు సాగిన ఆ పని 2009లో అచ్చయింది, తరువాత ఈ నిఘంటువుతో జోడించారు. ‘మూర్ఖుడు’ అనే భావానికి ఏ శతాబ్దంలో ఏ ఇంగ్లీషు మాటలు ఉండేవో అందులో వరుసగా కనిపిస్తాయి. చారిత్రక నవల రాసేవారికి, పాత గ్రంథాలు అనువదించేవారికి ఇంతకు మించిన సాయం మరొకటి ఉండదు.

లోపాలు లేవని చెప్పను. పుట్టిన వరసలో అర్థాలు ఇవ్వడం వల్ల, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే విద్యార్థి పైనున్న మొదటి అర్థం చూసి ‘నైస్’ అంటే మూర్ఖుడనుకునే ప్రమాదం ఉంది. కత్తి గుర్తు సంగతి తెలియనివారికి ఆ హెచ్చరిక అందదు. ప్రయోగాలు ఒక వాక్యం, కొన్నిసార్లు వాక్యంలో ఒక ముక్క మాత్రమే కావడంతో, ముందూవెనుకా ఏముందో తెలియాలంటే మూల గ్రంథం మళ్లీ తెరవవలసిందే. ఏ సందర్భంలో ఏ విశేషణం వాడితే బాగుంటుందన్న సలహా ఇందులో ఆశించకూడదు. ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడమే దీని పని. మూడో కూర్పు సవరణ ఇంకా సాగుతూనే ఉంది కాబట్టి అన్ని ఆరోపాలూ, అంటే నిఘంటువులో తలకట్టుగా ఇచ్చే మాటలన్నీ, ఒకే తాజాదనంతో ఉండవు. ఏ మాటను ఎప్పుడు సవరించారో ఆ పుటలోనే చూపిస్తారు; మాట అర్థం కన్నా ముందు ఆ వివరం చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

పూర్తి ప్రవేశానికి చందా కట్టాలి. వ్యక్తిగత చందా అందరికీ అవసరం లేదు. ఇంగ్లీషులో ఉత్తరం రాసుకోవడానికో, పరీక్షకు చదువుకోవడానికో నిఘంటువు కావలసినవారు విద్యార్థుల కోసం తయారైన మామూలు నిఘంటువు కొనుక్కోవడం మేలు. 19వ శతాబ్దానికి ముందరి ఇంగ్లీషును అనువదించేవారు, భాషాచరిత్ర బోధించేవారు మాత్రం దీన్ని వదులుకోకూడదు. చాలా విశ్వవిద్యాలయాలు, పెద్ద గ్రంథాలయాలు తమ సభ్యులకు దీన్ని అందుబాటులో ఉంచుతాయి కాబట్టి, చందా కట్టే ముందు తాము సభ్యులైన గ్రంథాలయంలో అడిగి చూడడం మంచిది. అలా అందుబాటులోకి వచ్చిన రోజున, తమకు బాగా తెలుసనుకున్న మాటనే మొదట వెతకమని నా సూచన. నేను ‘నైస్’ తరువాత ‘సిల్లీ’ తెరిచాను. ఒకప్పుడు ధన్యుడు, భాగ్యవంతుడు అనే అర్థమున్న ఆ మాట మెల్లగా అమాయకుడై, దయనీయుడై, చివరకు ‘నైస్’ వదిలి వచ్చిన మూర్ఖుడి స్థానంలోకి వచ్చి కూర్చుంది.